పెద్ద యుద్ధాల తర్వాత దేశం ఎలా మారుతుంది: ఎవరి బాకీ తీరింది, ఎవరిది తీరలేదు

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. పెద్ద యుద్ధం వచ్చిపోయాక ఒక దేశపు సమాజం ఎలా మారుతుంది అన్నది మొదటిది. యుద్ధం జనాన్ని ఒక్కతాటి మీదకు తెస్తుందని, జాతి అన్న భావన యుద్ధంలోనే గట్టిపడుతుందని అంటారు కదా, అది నిజమేనా అన్నది రెండోది. నేను కాలేజీలో ఆధునిక చరిత్ర, ముఖ్యంగా రెండు ప్రపంచ యుద్ధాల కాలం, చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యుద్ధం నడుస్తున్నప్పుడు ప్రభుత్వం జనాన్ని అంతకుముందెన్నడూ అడగనివి అడుగుతుంది. కొడుకుల్ని, డబ్బుని, తిండిని, రాత్రింబవళ్లు చేసే పనిని. అదంతా అప్పే. యుద్ధం ముగిశాక ఆ అప్పు ఎవరికి తీర్చారు, ఎవరికి మొండిచేయి చూపించారు, చనిపోయినవాళ్లలో ఎవరిని మనవాళ్లని లెక్కలో రాసుకున్నారు అన్నదాన్ని బట్టి ఆ దేశం తర్వాతి రెండు మూడు తరాల పాటు ఎలా ఉంటుందో తేలుతుంది. ఒకే యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన దేశాలు కూడా వేర్వేరు దారుల్లో వెళ్లడానికి కారణం ఇదే.

ముందు ఐక్యత సంగతి చూద్దాం. 1914 ఆగస్టు 4న జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ పార్లమెంటు సభ్యుల్ని పిలిపించి, తనకిక పార్టీలు లేవని, జర్మన్లు మాత్రమే ఉన్నారని ప్రకటించాడు. కొద్ది రోజుల ముందు వరకు యుద్ధం వద్దని ఊరేగింపులు తీసిన సోషల్ డెమోక్రాట్లు (కార్మికుల పార్టీవాళ్లు) అదే రోజు యుద్ధం ఖర్చుకి ఓటేశారు. తామూ జర్మన్లమేనని నిరూపించుకునే రోజు వచ్చిందని యూదు యువకులు చాలామంది ఉత్సాహంగా సైన్యంలో చేరారు. ఆ యుద్ధం మొత్తం మీద సుమారు లక్షమంది యూదులు జర్మన్ సైన్యంలో పనిచేశారు, దాదాపు 12 వేల మంది చనిపోయారు.

1916 వచ్చేసరికి వెర్డన్, సోమ్ యుద్ధభూముల్లో శవాల గుట్టలు లేచాయి. నగరాల్లో రొట్టె కోసం, బంగాళాదుంపల కోసం క్యూలు పెరిగాయి. గెలుపు కనుచూపు మేరలో లేదు. ఇక తప్పు ఎవరి మీదో ఒకరి మీద పడాలి. యూదులు ఫ్రంట్‌కి వెళ్లకుండా వెనక ఆఫీసుల్లో దాక్కుంటున్నారని పుకారు లేచింది. ఆ అక్టోబరులో యుద్ధ మంత్రిత్వ శాఖ సైన్యంలోని యూదుల్ని విడిగా లెక్కపెట్టమని ఆదేశించింది. ఫ్రంట్‌లో ఎందరు, వెనక ఎందరు, చనిపోయింది ఎందరు అని. ఒకే కందకంలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు సైనికుల్లో ఒకడు మాత్రం ఆ ఫారం లెక్కలోకి ఎక్కాడు. అవతల వాడి దేశభక్తిని ఎవరూ అడగలేదు. పైగా ఆ లెక్కని యుద్ధం నడిచినంతకాలం బయటపెట్టలేదు. దాంతో పుకారు అలాగే ఉండిపోయి, ఓటమి తర్వాత వందరెట్లు విషంతో పైకి లేచింది. ఏ పార్టీలూ లేవన్న మాటకీ ఈ ఫారాలకీ మధ్య గడిచింది రెండేళ్ల పైచిలుకు మాత్రమే.

ఇదేదో జర్మనీకి మాత్రమే పట్టిన జబ్బు అనుకోకండి. కెనడాలోని ఒంటారియోలో జర్మన్ మూలాలున్నవాళ్లు కట్టుకున్న బెర్లిన్ అనే ఊరుంది. 1916లో ఒత్తిళ్ల మధ్య ఓటింగు పెట్టి ఊరి పేరే బ్రిటిష్ యుద్ధ మంత్రి పేరు మీద కిచెనర్ అని మార్చేశారు. 1917లో బ్రిటిష్ రాజకుటుంబమే తన జర్మన్ వంశనామాన్ని వదిలి విండ్సర్ అయింది. 1942లో అమెరికా సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లని ఇళ్లూ దుకాణాలూ వదిలించి శిబిరాల్లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులే. అదే సంతతి యువకులతో ఏర్పడిన 442వ రెజిమెంటు ఇటలీలో, ఫ్రాన్సులో అమెరికా జెండా కింద పోరాడుతుంటే, వాళ్లలో కొందరి తల్లిదండ్రులు ముళ్లకంచెల వెనక ఉన్నారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకి తలా 20,000 డాలర్లు ఇవ్వడానికి 1988 దాకా పట్టింది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇది. యుద్ధం 'మనం' అన్న గీతని గట్టిగా గీస్తుంది, నిజమే. కానీ ఆ గీతకి ఇవతల ఎవరు, అవతల ఎవరు అన్నది యుద్ధ భయంలో, హడావిడిలో తేలిపోతుంది. ఆ హడావిడిలో బయటపడ్డవాళ్లు మళ్లీ లోపలికి రావడానికి కొన్ని తరాలు పడుతుంది.

ఇక సమాజం మార్పు. ఇందులో ప్రభుత్వం పెరగడం గురించి త్వరగా చెప్పేస్తాను, అది అన్నిచోట్లా దాదాపు ఒకేలా జరుగుతుంది. బ్రిటన్‌లో 1914లో ఆదాయపు పన్ను ప్రామాణిక రేటు 6 శాతం లోపే ఉండేది, 1918కి 30 శాతమైంది. అమెరికాలో 1939లో ఆదాయపు పన్ను కట్టినవాళ్లు సుమారు 40 లక్షలు, 1945కి నాలుగు కోట్లు దాటారు. జీతం చేతికి రాకముందే పన్ను కోసే పద్ధతి అక్కడ 1943లో, యుద్ధం మధ్యలో వచ్చింది. బొగ్గు ఆదా చేయాలని గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే పద్ధతిని 1916 ఏప్రిల్ 30న జర్మనీ మొదలుపెడితే, మూడు వారాల్లో బ్రిటన్ కూడా పట్టుకుంది. పాస్‌పోర్టు, రేషన్ కార్డు, గుర్తింపు పత్రం, ఇవన్నీ యుద్ధాల్లో సామాన్యుడి జేబులోకి వచ్చి చేరినవే. యుద్ధం ముగిశాక పన్ను కొంత తగ్గుతుంది గానీ పాత స్థాయికి మళ్లీ పోదు. ఒకసారి ఏర్పడిన శాఖలు, రికార్డులు, సిబ్బంది అలాగే ఉండిపోతారు.

ఈ పెరిగిన ప్రభుత్వం తర్వాత ఏం చేసింది అన్నదే అసలు తేడా. బ్రిటన్‌లో 1939 సెప్టెంబరు మొదటి మూడు రోజుల్లో బాంబుల భయంతో దాదాపు 15 లక్షల మందిని, ఎక్కువగా పిల్లల్ని, నగరాల నుంచి పల్లెలకు తరలించారు. మురికివాడల పిల్లలు చిరిగిన బట్టలతో, చర్మవ్యాధులతో, కొందరు సరైన చెప్పులైనా లేకుండా మధ్యతరగతి ఇళ్లలో దిగారు. తమ దేశంలోనే ఇంత పేదరికం ఉందని ఆ ఇళ్లవాళ్లలో చాలామందికి అప్పుడే తెలిసింది. తర్వాత రేషన్ వచ్చింది. డబ్బున్నవాడికీ లేనివాడికీ వెన్న, చక్కెర తూకం ఒకటే. 1942 డిసెంబరులో బెవరిడ్జ్ నివేదిక వచ్చింది. పుట్టుక నుంచి చావు దాకా ప్రతి పౌరుడికీ కనీస భద్రత ఉండాలన్న ప్రభుత్వ నివేదిక అది. దాన్ని జనం లక్షల కాపీలు కొన్నారు. గెలిపించిన చర్చిల్‌ని 1945 ఎన్నికల్లో ఓడించి, ఆ నివేదికని అమలు చేస్తామన్న లేబర్ పార్టీని ఎన్నుకున్నారు. 1948 జూలై 5న ఉచిత జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. యుద్ధంలో పడ్డ కష్టానికి బదులుగా ఏదో దక్కిందని జనం నమ్మారు. ఆ సేవ మీద బ్రిటిష్ వాళ్లకి ఇప్పటికీ ఉన్న మమకారానికి మూలం అక్కడే ఉంది.

ఆడవాళ్ల విషయంలో మాత్రం ఏరు దాటాక తెప్ప తగలేసిన ఉదాహరణలే ఎక్కువ. ఒకటో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్‌లో ఆయుధ కర్మాగారాల్లో దాదాపు పది లక్షల మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. గుండ్లలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం నింపే అమ్మాయిల ఒళ్లు పసుపుపచ్చగా మారేది, జుట్టు రంగు మారిపోయేది. 1918లో ఆడవాళ్లకి ఓటు వచ్చింది, అది వాళ్ల యుద్ధసేవకి బహుమతి అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. చట్టం చదివితే వేరే కనిపిస్తుంది. మగవాళ్లకి 21 ఏళ్లకే ఓటు. ఆడవాళ్లకి 30 నిండాలి, ఆపైన ఇల్లో, ఆస్తి అర్హతో, అలాంటి భర్తో ఉండాలి, లేదా డిగ్రీ ఉండాలి. కర్మాగారాల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది పదహారు నుంచి పాతికేళ్ల లోపు పేదింటి పిల్లలు. అంటే ఒళ్లు పచ్చబడ్డవాళ్లలో చాలామందికి ఓటు రాలేదు. 1919లో యుద్ధానికి ముందున్న పని పద్ధతుల్ని తిరిగి తెచ్చే చట్టం చేసి వాళ్లని ఇళ్లకి పంపించారు. మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో.

ఫ్రాన్సులో అదీ లేదు. అక్కడి ఆడవాళ్లూ పొలాలు దున్నారు, ఫిరంగి గుండ్లు చేశారు. 1919లో దిగువ సభ ఓటు హక్కుకి ఒప్పుకుంటే, 1922లో సెనేట్ తోసిపుచ్చింది. 1944 దాకా వాళ్లకి ఓటు లేదు. యుద్ధం దానంతటదే హక్కులు ఇచ్చేదే అయితే ఈ రెండు దేశాల మధ్య పాతికేళ్ల తేడా ఉండకూడదు. బ్రిటన్‌లో యుద్ధానికి ముందే బలమైన ఓటు హక్కు ఉద్యమం ఉంది. యుద్ధం తలుపు సందు తెరిస్తే తోసుకుని లోపలికి రావడానికి అక్కడ మనుషులు సిద్ధంగా ఉన్నారు.

తిరిగొచ్చిన సైనికుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. తిరిగొచ్చిన సైనికులకి చదువు, రుణాలు అందించడానికి 1944లో అమెరికా తెచ్చిన జీఐ బిల్లు అనే చట్టాన్ని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. చదువు, శిక్షణ కోసం దాన్ని దాదాపు 78 లక్షల మంది వాడుకున్నారు, రైతుబిడ్డలు, కూలీల బిడ్డలు ఇంజినీర్లయ్యారు, గృహరుణాలతో కొత్త మధ్యతరగతి పుట్టింది. చట్టంలో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. కానీ అమలు స్థానిక బ్యాంకుల చేతిలో, రాష్ట్రాల చేతిలో పెట్టారు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 పట్టణాల్లో లెక్క తీస్తే, సైనికుల కోసం హామీ ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి 2. ఈ ఒక్క లెక్కని నేను ప్రతి క్లాసులో బోర్డు మీద రాస్తాను.

అదే కాలంలో, 1946 ఫిబ్రవరి 12న, ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సార్జెంటు సైన్యం నుంచి విడుదలై బస్సులో ఇంటికి బయలుదేరాడు. ఒంటిమీద ఇంకా యూనిఫాం ఉంది. దారిలో డ్రైవరుతో మాటామాటా వచ్చింది. సౌత్ కరొలైనాలోని బేట్స్‌బర్గ్‌లో పోలీసులు బస్సులోంచి దింపి లాఠీతో కొట్టి రెండు కళ్లూ పోగొట్టారు. కొట్టిన పోలీసు అధికారిని తెల్లజాతి జ్యూరీ అరగంటలో నిర్దోషిగా వదిలేసింది. ఈ ఉదంతం విని అధ్యక్షుడు ట్రూమన్ కదిలిపోయాడు, పౌరహక్కుల మీద కమిటీ వేశాడు, 1948 జూలై 26న సైన్యంలో వర్ణవివక్ష పోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. నల్లజాతి సైనికుల్లో చాలామంది నియంతల మీద పోరాడి వచ్చి, అదే స్వేచ్ఛ తమ ఊళ్లో ఎందుకు లేదని అడగడం మొదలుపెట్టారు. తర్వాతి పౌరహక్కుల ఉద్యమంలో ముందు నిలబడ్డవాళ్లలో మాజీ సైనికులు ఎందరో ఉన్నారు. తీరని బాకీ కూడా సమాజాన్ని మారుస్తుంది. అయితే ఆ మార్పుకి అయ్యే ఖర్చు అన్యాయానికి గురైనవాళ్లే భరించాల్సి వస్తుంది.

బాకీ దాదాపు నిజాయితీగా తీర్చిన దేశం ఒకటి చూపించమంటే నేను ఫిన్లండ్ పేరు చెబుతాను. 1918లో అక్కడ ఎర్రవాళ్లకీ (సోషలిస్టు కార్మికుల పక్షం) తెల్లవాళ్లకీ (ప్రభుత్వ పక్షం) అంతర్యుద్ధం జరిగింది. 36 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది యుద్ధంలో కాదు, ఆ తర్వాత గెలిచినవాళ్లు నడిపిన జైలు శిబిరాల్లో ఆకలితో, రోగాలతో పోయారు. ఇరవై ఏళ్లపాటు ఒకే ఊళ్లో రెండు దుకాణాలు, రెండు క్రీడా సంఘాలు, రెండు రకాల స్మృతులు. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం దాడి చేసినప్పుడు ఈ దేశం రెండుగా చీలిపోతుందనే మాస్కో లెక్కేసుకుంది. చీలలేదు. ఎర్రవాళ్ల కొడుకులూ తెల్లవాళ్ల కొడుకులూ కలిసి 105 రోజులు నిలబడ్డారు.

చాలామంది కథని ఇక్కడితో ఆపి, చూశారా, యుద్ధం ఏకం చేసింది అంటారు. నిజానికి అసలు పని యుద్ధం నడుస్తుండగా, ఆ తర్వాత జరిగింది. 1940 జనవరిలో, ఇంకా బాంబులు పడుతుండగానే, యజమానుల సంఘం మొదటిసారి కార్మిక సంఘాల్ని చర్చలకి భాగస్వాములుగా ఒప్పుకుంది. ఆ వసంతంలో సైన్యాధిపతి మానర్‌హైమ్ మే 16న ఏటా జరిపే తెల్లవాళ్ల విజయ కవాతుని ఆపించేశాడు. 1918లో తెల్లవాళ్ల సైన్యాన్ని నడిపించింది ఆయనే. దాని బదులు మే మూడో ఆదివారాన్ని, రెండు పక్షాల్లోనూ తమ నమ్మకం కోసం చనిపోయినవాళ్లు సహా, యుద్ధాల్లో పోయినవాళ్లందరినీ తలుచుకునే రోజుగా పెట్టించాడు. ఓడినవాళ్ల కడుపుకోతని గెలిచినవాడు ఇరవై రెండేళ్ల తర్వాత గుర్తించాడన్నమాట.

ఆ తర్వాత కరేలియా సమస్య. సోవియట్‌కి వదులుకున్న ఆ ప్రాంతం నుంచి నాలుగు లక్షల మందికి పైగా, అంటే దేశ జనాభాలో దాదాపు తొమ్మిదో వంతు, ఇళ్లు వదిలి వచ్చేశారు. 1941లో ఆ భూమి మళ్లీ చేతికొస్తే చాలామంది తిరిగి వెళ్లి కాలిపోయిన ఇళ్లు కట్టుకున్నారు, 1944లో మళ్లీ వదిలి రావాల్సి వచ్చింది. పశువుల్ని తోలుకుంటూ, చేతికి దొరికిన సామాన్లతో, రెండోసారి. వాళ్ల యాస వేరు, కొందరి మతం వేరు, వంటలు వేరు. ఒకే వంటగదిని రెండు కుటుంబాలు పంచుకున్న ఇళ్లలో గొడవలు లేకపోలేదు. కానీ 1945 మే నెలలో భూసేకరణ చట్టం తెచ్చారు. ప్రభుత్వం, చర్చి, కంపెనీలు, పెద్ద రైతులు, అందరి దగ్గరా భూమి తీసుకున్నారు, ఎక్కువ ఉన్నవాడి నుంచి ఎక్కువ. నిర్వాసితులకి, ఫ్రంట్ నుంచి వచ్చిన సైనికులకి, యుద్ధ వితంతువులకి పంచారు. ఆస్తులు నిలిచినవాళ్ల మీద ప్రత్యేక పన్ను వేసి ఆస్తులు పోయినవాళ్లకి పరిహారం ఇచ్చారు. ఏ శిబిరంలోనూ తరాల తరబడి శరణార్థులు మిగల్లేదు.

అక్కడా తీరని బాకీలున్నాయి. యుద్ధ సమయంలో సుమారు 70 వేల మంది పిల్లల్ని, మెడలో చిరునామా చీటీలు కట్టి, స్వీడన్‌కి పంపించారు. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఫిన్నిష్ మర్చిపోయారు, అమ్మతో మాట్లాడటానికి భాష లేదు. వేలమంది అసలు తిరిగి రాలేదు. వాళ్ల బాధ గురించి దేశం మాట్లాడటం మొదలుపెట్టేసరికి వాళ్లకి నడివయసు దాటింది.

ఇప్పుడు సమాధుల దగ్గరికి వస్తాను. జాతి అస్తిత్వం ఎలా తయారవుతుందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. 1917లో ఏర్పడిన బ్రిటిష్ సామ్రాజ్య యుద్ధ సమాధుల సంఘం ఒక నిర్ణయం తీసుకుంది. శవాల్ని ఇంటికి పంపకూడదు, జనరల్‌కైనా సిపాయికైనా ఒకే రకం రాయి. ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 1 అడుగు 3 అంగుళాలు. పైన రెజిమెంటు గుర్తు, నంబరు, హోదా, పేరు, తేదీ, మత చిహ్నం. అడుగున కుటుంబం తమ మాట రాయించుకోవచ్చు, 66 అక్షరాలు మించకూడదు, అక్షరానికి మూడున్నర పెన్నీలు. శవం కోసం తల్లులు పిటిషన్లు పెట్టుకున్నారు. డబ్బున్నవాళ్లు మా బిడ్డకి మేము సమాధి కట్టుకుంటామన్నారు. 1920 మే 4న పార్లమెంటులో దీని మీద వాడిగా చర్చ జరిగింది. సంఘం పట్టు సడలించలేదు. వర్గభేదాలు నరనరానా ఉన్న సమాజంలో, చావులోనైనా అందరూ సమానమన్న మాట రాతిలో చెక్కి పెట్టడం మామూలు విషయం కాదు.

ఆ సమానత్వం ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. మెసపటోమియాలో (ఇప్పటి ఇరాక్‌లో) చనిపోయి, సమాధి తెలియనివాళ్ల కోసం కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకి పేరు లేదు. ఫలానా రెజిమెంటు, ఇంతమంది, అంతే. వేలాది మనుషులు అంకెలుగా మిగిలారు. తూర్పు ఆఫ్రికాలో ఆఫ్రికన్ సైనికులు, కూలీల విషయంలో అదీ జరగలేదు. 2021లో ఆ సంఘమే విచారణ జరిపించుకుని, కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గానీ అసలే గానీ స్మరణకు నోచుకోలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

ఈ రాతల్లో కనపడేదే వలస దేశాల చరిత్రలోనూ కనపడుతుంది. ఒకటో ప్రపంచ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటారు, 74 వేల మందికి పైగా చనిపోయారు. 1917లో స్వపరిపాలన క్రమంగా వస్తుందని లండన్ ఆశ చూపింది. 1919 మార్చిలో రౌలట్ చట్టం వచ్చింది, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. ఆ తర్వాత మితవాదుల్లో కూడా చాలామందికి బ్రిటిష్ వాళ్ల మాట మీద నమ్మకం సడలింది. రెండో యుద్ధంలో భారతదేశాన్ని వైస్రాయ్ ఇక్కడి నాయకుల్ని ఒక్క మాటైనా అడగకుండా దింపాడు. 25 లక్షల సైన్యం తయారైంది. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది పోయారు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గుర్‌బక్ష్ సింగ్ ధిల్లాన్‌లని ఒకే బోనులో నిలబెట్టి విచారించారు. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. దేశమంతా వాళ్ల వెనక నిలబడింది. మూడు నెలలకి బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. తాము నమ్ముకున్న సైన్యమే ఇక తమది కాదని పాలకులకి అర్థమైంది.

యుద్ధం మనుషుల గుర్తింపుని కాగితం మీదే మార్చేసిన సందర్భాలూ ఉన్నాయి. గ్రీస్, టర్కీల యుద్ధం తర్వాత 1923 జనవరి 30న లొజాన్‌లో జనాభా మార్పిడి ఒప్పందం కుదిరింది. సుమారు 12 లక్షల మంది ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కి చేరారు, మూడున్నర నుంచి నాలుగు లక్షల మంది ముస్లింలు టర్కీకి. ఎవరు గ్రీకు, ఎవరు టర్క్ అన్నది మతాన్ని బట్టే తేల్చారు. టర్కీలోని అనటోలియాలో టర్కిష్ తప్ప మరో భాష రాని క్రైస్తవులు 'స్వదేశం' గ్రీస్‌లో దిగారు. క్రీట్‌లో గ్రీకు మాట్లాడే ముస్లింలు 'స్వదేశం' టర్కీలో దిగారు. ఇద్దరికీ వెళ్లినచోట మాట తెలియదు. గ్రీస్‌లో వాళ్లని స్థానికులు టర్కుల విత్తనాలని ఎద్దేవా చేశారు. అయినా రెండు తరాల తర్వాత వాళ్ల మనవలు కొందరు అందరికంటే గట్టి జాతీయవాదులయ్యారు. పరాయివాడన్న మాట పడ్డవాడు మనవాడినని రుజువు చేసుకోవడానికి ఎంత దూరమైనా వెళ్తాడు.

ఓటమి గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. జర్మనీ రెండుసార్లు ఓడింది, రెండుసార్లూ వేర్వేరుగా మారింది. 1918 డిసెంబరు 10న బెర్లిన్‌లో సైనికుల్ని స్వాగతిస్తూ కొత్త ప్రభుత్వాధినేత ఎబర్ట్, ఏ శత్రువూ మిమ్మల్ని ఓడించలేదన్నాడు. అలసిపోయి వచ్చినవాళ్లని ఓదార్చడానికి అన్న మాటే అయి ఉండొచ్చు. కానీ ఓడలేదంటే మరి ఓడించింది ఎవరు అన్న ప్రశ్న మిగులుతుంది. సైన్యానికి ఇంట్లోవాళ్లే వెన్నుపోటు పొడిచారని యుద్ధంలో సైన్యాన్ని నడిపించిన హిండెన్‌బర్గ్ మరుసటి ఏడాది విచారణ సంఘం ముందు చెప్పాడు. ఆ అబద్ధం మీద హిట్లర్ రాజకీయం కట్టుకున్నాడు. 1916 నాటి యూదుల లెక్క ఇక్కడే పనికొచ్చింది.

1945లో అలాంటి కథ చెప్పుకునే వీల్లేకుండా ఓటమి నగరాల శిథిలాల రూపంలో కళ్ల ముందుంది. అయినా మార్పు వెంటనే రాలేదు. పశ్చిమ జర్మనీ ముందుగా తనవాళ్ల బాకీ తీర్చింది. 1952 చట్టంతో, ఆస్తులు నిలిచినవాళ్లు తమ ఆస్తి విలువలో సగం 30 ఏళ్ల వాయిదాల్లో కట్టాలని, దాంతో తూర్పు నుంచి తరిమేస్తే వచ్చినవాళ్లని, ఇళ్లు కూలినవాళ్లని ఆదుకోవాలని నిర్ణయించారు. తాము చంపినవాళ్ల గురించి మాట్లాడటానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1963 నుంచి 1965 దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ మరణ శిబిరంలో పనిచేసినవాళ్ల మీద విచారణ జరిగాకే పిల్లలు తండ్రుల్ని, అప్పుడు మీరేం చేశారని అడగడం పెరిగింది. 1970 డిసెంబరు 7న వార్సాలో చనిపోయిన యూదుల స్మారకం ముందు చాన్సలర్ బ్రాంట్ మోకాళ్ల మీద కూర్చుంటే, సర్వేలో దాదాపు సగం మంది జర్మన్లు అది అతి అన్నారు. మే 8 ఓటమి రోజు మాత్రమే కాదు, విముక్తి రోజు అని ఒక అధ్యక్షుడు, వైట్సెకర్, పార్లమెంటులో సూటిగా చెప్పింది 1985లో. నలభై ఏళ్లు పట్టింది.

గెలిచిన దేశాలు నిజం చెప్పుకుంటాయని కూడా అనుకోవద్దు. సోవియట్ యూనియన్ సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని పోగొట్టుకుంది. 1946లో స్టాలిన్ చెప్పిన లెక్క 70 లక్షలు. విజయ దినమైన మే 9 సెలవుని 1947 చివర్లో తీసేశారు. 1965లో బ్రెజ్నెవ్ వచ్చాకే అది మళ్లీ సెలవు, పెద్ద కవాతు అయింది. 872 రోజుల లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో బతికి బయటపడ్డవాళ్లు తమ రొట్టె తూకాల్ని, డైరీల్ని దాచిపెట్టి మ్యూజియం పెడితే 1949లో మూసేశారు, అది మళ్లీ తెరుచుకుంది 1989లో. జనం సొంతంగా గుర్తుపెట్టుకున్న యుద్ధంలో ఆకలి ఉంది, పాలకుల తప్పులున్నాయి. ప్రభుత్వానికి కావాల్సిన యుద్ధంలో విజయం, నాయకుడు ఉంటే చాలు.

కొన్ని బాకీలు గౌరవం పేరుతోనే మరుగున పడతాయి. 1971 యుద్ధంలో అత్యాచారాలకి గురైన మహిళలకి బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆ డిసెంబరులోనే 'బీరాంగన' (వీర వనిత) అని బిరుదిచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ బిరుదు వాళ్లకి జరిగినదాన్ని ఊరంతటికీ చాటినట్టయింది. ఎన్నో కుటుంబాలు వాళ్లని ఇళ్లలోకి రానివ్వలేదు. తుపాకీ పట్టిన మగవాడికి పింఛను, ఉద్యోగాల్లో కోటా వచ్చాయి. వీళ్లని కూడా స్వాతంత్ర్య యోధులుగా గుర్తించడం 2015లో మొదలైంది, అప్పటికి వాళ్లలో చాలామంది కన్నుమూశారు.

ఎంతకాలం పడుతుంది అని మీరు అడగలేదు గానీ, చదివినవాళ్లకి సహజంగా వచ్చే ప్రశ్న అదే. నేను చూసిన ఉదాహరణల్లో చాలావరకు మనవల తరం దాకా పడుతుంది. కొడుకులకి భయమో, మొహమాటమో ఉంటుంది. మనవలకి అది ఉండదు. స్పెయిన్‌లో 1936 నుంచి 1939 దాకా అంతర్యుద్ధం జరిగింది. అందులో గెలిచిన నియంత ఫ్రాంకో చనిపోయాక, 1977లో ప్రజాస్వామ్యం కోసం పాత నేరాలన్నిటికీ క్షమాభిక్ష చట్టం చేసుకున్నారు. అందరూ నోరు మూసుకోవడమే దేశానికి మేలనుకున్నారు, కొంతకాలం అది పనిచేసింది కూడా. 2000 అక్టోబరులో ప్రియరాన్సా దెల్ బియెర్సో అనే ఊరి బయట, తాత ఎముకల కోసం వెతుకుతున్న ఒక మనవడి పట్టుదలతో, ఒక సామూహిక గోతిని తవ్వితే 13 మంది అస్థికలు బయటపడ్డాయి. ఆ తర్వాత దేశమంతటా కుటుంబాలు తమవాళ్ల గోతులు చూపించడం మొదలుపెట్టాయి. 2007లో ఒక చట్టం వచ్చింది, అయినా తవ్వకాల భారం ఎక్కువగా కుటుంబాల మీద, స్వచ్ఛంద సంఘాల మీదే ఉండేది. 2022 అక్టోబరులో వచ్చిన చట్టంతో, కనిపించకుండా పోయినవాళ్లని వెతికే బాధ్యత ప్రభుత్వం మీద పడింది. దాన్ని వ్యతిరేకించే పార్టీలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి, ఎన్నికల్లో దాని మీద వాదనలూ జరుగుతున్నాయి.